ఛోటా భీమ్ తొలి భాగాలు

ఛోటా భీమ్ హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ నిర్మించిన హాస్య, సాహస ప్రధానమైన యానిమేషన్ ధారావాహిక. దీని సృష్టికర్త రాజీవ్ చిలక. ఇది 2008 ఏప్రిల్‌లో పోగో ఛానల్‌లో మొదలైంది. భారతదేశంలో తయారైన యానిమేషన్ ధారావాహికలలో దీర్ఘకాలం కొనసాగినవాటిలో ఇది ముఖ్యమైనది. తరువాతి కాలంలో చలనచిత్రాలు, అనుబంధ ధారావాహికలు అనేకం వచ్చినందువలన, మూలమైన తొలి భాగాల స్వరూపం ఏమిటన్నది ప్రత్యేకంగా పరిశీలించదగిన విషయం.

నేపథ్యం

2000 దశకం ఆరంభంలో భారతీయ పిల్లల ఛానళ్ళలో ప్రసారమయ్యే కార్టూన్లు ఎక్కువగా అమెరికా, జపాను దేశాలవి. హైదరాబాదు, తిరువనంతపురం, ముంబై నగరాలలో యానిమేషన్ స్టూడియోలు ఉన్నప్పటికీ, వాటికి విదేశీ సంస్థలు అప్పగించే పనియే ప్రధాన ఆదాయం. అటువంటి పనిలో బొమ్మలు గీసినవారికి కూలి దక్కుతుంది గాని, పాత్రలపై హక్కు దక్కదు. సొంత పాత్రలను సృష్టించి, వాటి హక్కులను నిలుపుకోవడమే స్వదేశీ సంస్థల ముందున్న సమస్య.

ఈ దిశలో 2003లో తిరువనంతపురానికి చెందిన టూంజ్ సంస్థ తెనాలి రామకృష్ణుని కథలను ధారావాహికగా తీసింది. 2001లో హైదరాబాదులో స్థాపించబడిన గ్రీన్ గోల్డ్ సంస్థ మొదట బోంగో, విక్రమ్ బేతాల్, కృష్ణ వంటి వాటిని నిర్మించింది. వీటిలో విక్రమ్ బేతాల్‌కు ఆధారమైన బేతాళ కథలు తెలుగు చందమామ పాఠకులకు చిరపరిచితమైనవే. ఆ అనుభవంతోనే ఛోటా భీమ్ రూపొందింది.

కథాస్థలం, పాత్రలు

కథ ఢోలక్‌పూర్ అనే కల్పిత రాజ్యంలో జరుగుతుంది. అది పేరుకు రాజ్యమైనా, చూడడానికి ఒక పల్లెటూరు. చెట్లు, పొలాలు, అంగడి వీధి, రాజుగారి కోట – ఇంతే దాని విస్తీర్ణం.

భీమ్: తొమ్మిదేళ్ళ బాలుడు. మహాబలశాలి, భోజనప్రియుడు. లడ్డూ తిన్న వెంటనే బలం రెట్టింపవుతుంది.
చుట్కీ: భీమ్ స్నేహితురాలు. అవసర సమయంలో అతనికి లడ్డూలు అందిస్తుంది.
రాజు: నాలుగేళ్ళ పిల్లవాడు, ధైర్యశాలి.
జగ్గు: మాటలాడే కోతి.
కాలియా: భీమ్‌పై అసూయపడే బలిష్ఠుడైన బాలుడు.
ఢోలు, భోలు: కాలియా వెంట తిరిగే కవలలు.
ఇంద్రవర్మ, ఇందుమతి: ఢోలక్‌పూర్ రాజు, అతని కుమార్తె.
టున్‌టున్ మౌసి: లడ్డూలు అమ్మే స్త్రీ.

మహాభారతంతో సంబంధం

ఇది మహాభారత కథ కాదు. పాండవులలో రెండవవాడైన భీముని పేరు, బలం, తిండిపుష్టి మాత్రమే ఇందులో తీసుకోబడ్డాయి. అయినా ఆ ఇతిహాసపు ఛాయలు అక్కడక్కడ కనిపిస్తాయి. ఉదాహరణకు ఇందులో భీమ్‌తో తలపడే మల్లయోధుని పేరు కీచక్. విరాటపర్వంలో వంటవాడైన వలలుని వేషంలో ఉన్న భీముడు కీచకుని వధించిన ఘట్టం తెలుగువారికి తిక్కన రచన ద్వారా, 1963 నాటి నర్తనశాల చలనచిత్రం ద్వారా సుపరిచితం. ఆ చిత్రంలో కీచకునిగా ఎస్.వి.రంగారావు, భీమునిగా కృష్ణా జిల్లాకు చెందిన బరువులెత్తే క్రీడాకారుడు దండమూడి రాజగోపాలరావు నటించారు. రాజగోపాలరావు స్వగ్రామం పామర్రుకు చేరువలోని ఉయ్యూరు వద్దనున్న గండిగుంట.

ఇతిహాసంలో వధతో ముగిసిన వైరం పిల్లల ధారావాహికలో కుస్తీ పోటీగా మారింది. ప్రతినాయకుడు ఓడిపోతాడు, మరొక భాగంలో మళ్ళీ వస్తాడు. హాస్య ధారావాహిక దీర్ఘకాలం నడవడానికి ఈ మార్పు తప్పనిసరి.

తొలి భాగాల కథన విధానం

తొలి భాగాలు ద్విమితీయ చిత్రణలో, సుమారు 11 నిమిషాల నిడివిగల చిన్న కథలుగా రూపొందాయి. ఇతివృత్తాలు ఊరికి సంబంధించినవి: లడ్డూల దొంగతనం, ఆటల పోటీ, పొరుగు రాజ్యంతో పందెం, బందిపోటు మంగళ్ సింగ్ బెడద మొదలైనవి. కాలియా ఏదో ఒక పన్నాగం పన్నడం, అది వికటించడం, ఢోలు, భోలు అతనిని విడిచి పారిపోవడం అనే క్రమం తరచుగా పునరావృతమవుతుంది. ఫలితం ముందే తెలిసినా, అది ఏ విధంగా జరుగుతుందన్న కుతూహలంలోనే హాస్యం ఉంటుంది.

కథ పెద్దదవుతున్న కొద్దీ మంత్రగాళ్ళు, రాక్షసుడు కిర్మాడ, శాస్త్రవేత్త ధూమకేతు వంటివారికి ప్రాధాన్యం పెరిగింది. ప్రమాదం ఊరి స్థాయి నుండి లోకం స్థాయికి చేరింది. దీనివలన సాహసం పెరిగినా, కాలియా పాత్ర చుట్టూ అల్లుకొన్న పల్లె హాస్యం తగ్గింది. తొలి భాగాలను మళ్ళీ చూసేవారికి ప్రధానంగా కనిపించే తేడా ఇదే.

విమర్శ

తొలి భాగాలలోని కొన్ని అంశాలు ఇప్పుడు అభ్యంతరకరంగా తోస్తాయి. అసూయాపరుడైన బాలునికి నలుపును సూచించే కాలియా అనే పేరు పెట్టి, అతనిని నల్లగా చిత్రించడం వాటిలో ఒకటి. చుట్కీ తెలివైనదే అయినా, అనేక కథలలో ఆమె పని లడ్డూ అందించడం వరకే పరిమితం. చాలా తగవులు చివరకు పిడికిలితోనే తీరుతాయి. మరొక ప్రక్క, భీమ్ ముందుగా ఎవరిపైనా చేయి చేసుకోడు, ఓడినవారిని అవమానించడు. కాలియాకు ఆపద వస్తే భీమ్ అతనిని కాపాడే కథలు కూడా ఉన్నాయి. పిల్లలకు ఈ కథలు చూపే పెద్దలు ఈ రెండు పార్శ్వాలను గుర్తించడం అవసరం.

తరువాతి పరిణామాలు

భీమ్ కథలతో తీసిన పూర్తి నిడివి చిత్రాలు 2012 నుండి థియేటర్లలో విడుదలయ్యాయి. 2019లో శైశవంలో ఉన్న భీమ్ కథలతో, సంభాషణలు లేని మైటీ లిటిల్ భీమ్ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. మాటలు లేనందువలన అది భాషతో పనిలేకుండా అనేక దేశాలకు చేరింది. 2020లో కరోనా లాక్‌డౌన్ కాలంలో ఛోటా భీమ్ దూరదర్శన్‌లోనూ ప్రసారమైంది. 2024లో నటీనటులతో తీసిన చలనచిత్రం విడుదలయింది.

ఈ ధారావాహిక హిందీతో పాటు తెలుగు, తమిళ అనువాద సంభాషణలతో కూడా ప్రసారమైంది. అయితే హైదరాబాదులో పుట్టిన ఈ పాత్రలకు చుట్కీ, మౌసి వంటి హిందీ పేర్లే స్థిరపడ్డాయి. తెలుగు పిల్లలు దీనిని అనువాదంగానే విన్నారు.