మొరాయించే పిస్తోలు: శుభ్రత, లోపాల దిద్దుబాటు – ఒక చరిత్ర

సెమీ ఆటోమేటిక్ పిస్తోలు ఒక తూటా పేలగానే ఆ పేలుడు బలంతోనే ఖాళీ కేసును బయటికి విసిరి, మ్యాగజైన్‌లోని మరో తూటాను ఛాంబర్‌లోకి ఎక్కించుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటాయే పేలుతుంది. రివాల్వర్‌లో ఈ పని మనిషి వేలి బలంతో సాగుతుంది; ఒక తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, పక్క గదిలోని తూటా సుత్తి ముందుకొస్తుంది. పిస్తోలుకు ఆ వెసులుబాటు లేదు. పైన జారే ఇనుప భాగమైన స్లైడ్ వెనక్కి పోవాలి, కేసు ఊడాలి, ఎగిరిపోవాలి, కొత్త తూటా పైకి లేవాలి, స్లైడ్ మూసుకోవాలి. ఇదంతా కనురెప్ప వాల్చే లోపలే జరగాలి. ఒక్క మెట్టు తప్పినా ఆయుధం మొరాయిస్తుంది. అమెరికా పోలీసుల్లో చాలామంది 1980ల దాకా రివాల్వర్‌ను వదలకపోవడానికి ఒక కారణం ఈ భయమే.

ఆ మొరాయింపుకు కారణం వెదికే విద్య పిస్తోలుతోపాటే పుట్టింది. ఈ నూట ముప్పై ఏళ్ళలో ముద్దాయి మారుతూ వచ్చాడు: మొదట మందు, తర్వాత ప్రైమర్, ఆపైన మ్యాగజైన్, చివరికి పట్టుకున్న చెయ్యి. మురికి మీద అనుమానం మాత్రం మొదటి నుంచీ ఉంది, చాలాసార్లు అన్యాయంగా.

మందు, ఉప్పు, నీళ్ళు

సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందు కాలినప్పుడు సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలిపోతుంది. ఆ మసి గాలిలోని తేమను పీల్చుకుని బ్యారెల్‌ను తినేస్తుంది. సన్నని సందుల్లో జారే భాగాలున్న యంత్రం ఏదీ ఆ మసిలో ఎక్కువసేపు నడవదు. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెల్ పొగరాని మందును తయారు చేశాకే తనంతట తాను తూటా ఎక్కించుకునే పిస్తోలుకు దారి ఏర్పడింది. 1893లో హ్యూగో బోర్‌ఖార్ట్ పిస్తోలు, 1896లో మౌజర్, 1900 నాటికి జాన్ బ్రౌనింగ్ నమూనాలు వరసగా బయటికొచ్చాయి.

మసి తగ్గింది. తుప్పు తగ్గలేదు. పొగరాని మందు కాల్చిన తుపాకీని శుభ్రంగా తుడిచి, నూనె రాసి భద్రపరిచినా కొన్ని రోజుల్లో బ్యారెల్ లోపల ఎర్రగా పూసేది. తప్పంతా కొత్త మందులోని ఆమ్లానిదేనని అప్పటివాళ్ళు నమ్మారు. దానికి విరుగుడు అమ్మేవాళ్ళు కూడా తయారయ్యారు. అమెరికాలో ఫ్రాంక్ ఆగస్ట్ హాపీ 1903లో తెచ్చిన 'హాపీస్ నంబర్ 9' ద్రావణం ఆ కాలానిదే. అందులోని అమైల్ అసిటేట్ వల్ల వచ్చే అరటిపండు లాంటి వాసనను షూటర్లు నేటికీ ఇట్టే గుర్తుపడతారు. మరుసటి ఏడాది జర్మనీలో 'బాలిస్టాల్' వచ్చింది. తుపాకీ ఇనుముకూ, కొయ్యకూ, సైనికుడి తోలు పట్టీలకూ ఒకే నూనె సరిపోవాలన్నది దాని వెనకున్న ఆలోచన.

అసలు దొంగను పట్టుకున్నది అమెరికా గనుల శాఖ రసాయన శాస్త్రవేత్త విల్బర్ట్ హఫ్. 1922లో వెలువడిన ఆయన పరిశోధన ప్రకారం తుప్పుకు మూలం మందు కాదు, తూటా అడుగున నిప్పు రాజేసే ప్రైమర్. అందులోని పొటాషియం క్లోరేట్ పేలాక పొటాషియం క్లోరైడ్‌గా మారి బ్యారెల్ లోపల పలచని పొరలా అంటుకుంటుంది. వంటింటి ఉప్పు వానాకాలంలో జాడీలో చెమ్మగిల్లినట్టే ఇదీ తేమను లాగుతుంది. ఉప్పు నూనెలో కరగదు. పైన ఎంత నూనె రాసినా కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. నీళ్ళలో మాత్రం ఇట్టే కరుగుతుంది. అంటే కొత్త సీసాల కంటే పాత సిపాయి పద్ధతే మేలు: బ్యారెల్‌లో మరిగే నీళ్ళు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాత నూనె పట్టించడం. ఇనుముకు నీళ్ళు శత్రువన్న నమ్మకం ఎంత బలమైనదంటే, హఫ్ చెప్పాక కూడా ఈ మాట చాలామందికి మింగుడుపడలేదు.

ప్రైమర్‌నే మార్చేయడం అంతకంటే సులువైన దారి. 1920ల చివర అమెరికాలో రెమింగ్టన్ 'క్లీన్‌బోర్', జర్మనీలో ఆర్‌డబ్ల్యూఎస్ 'సినాక్సిడ్' తుప్పు పట్టించని ప్రైమర్లను బజారుకు తెచ్చాయి. సైన్యాలు మాత్రం నిల్వలో పాడవదన్న నమ్మకంతో పాతదాన్నే పట్టుకుని వేలాడాయి. అమెరికా సైన్యం పూర్తిగా మారేసరికి 1950లు వచ్చాయి. సోవియట్ కూటమి దేశాలు ఇంకా చాలాకాలం పాత రకాన్నే తయారు చేశాయి. అందుకే ఆ నాటి నిల్వల తూటాలు వాడేవారికి నేటికీ మొదటి జాగ్రత్త నీళ్ళే.

పరీక్షలు

మురికిలో, దుమ్ములో పిస్తోలు ఎంతవరకు నిలబడుతుందో కొలిచే పద్ధతికి పునాది 1907లో అమెరికా సైన్యం జరిపిన పోటీల్లో పడింది. పిస్తోళ్ళ మీద సన్నని దుమ్ము కొట్టించారు. నవాసారం ద్రావణంలో ముంచి, తుప్పు పట్టనిచ్చి, మళ్ళీ కాల్చి చూశారు. చివరి బరిలో కోల్ట్, సావేజ్ కంపెనీలు మిగిలాయి. 1911 మార్చిలో ఒక్కో పిస్తోలుతో 6,000 తూటాలు కాల్చారు. ప్రతి వంద తూటాలకు చల్లారనిచ్చారు, వెయ్యికోసారి తుడిచి నూనె వేశారు. బ్రౌనింగ్ రూపొందించిన కోల్ట్ ఒక్కసారి కూడా ఆగలేదు. సావేజ్‌కు 37 ఇబ్బందులు వచ్చాయి. అదే నెల 29న 'ఎం1911' సైన్యంలో చేరింది.

ఈ విజయాన్ని బ్రౌనింగ్ ప్రతిభకు రాసేయడం మామూలు. వెయ్యికోసారి పడిన ఆ నూనె చుక్క ఎవరికీ గుర్తుండదు.

జర్మన్ల లూగర్ పీ08 మరో దారిలో నడిచింది. మోకాలిలా మడిచి లేచే దాని లాకు పనితనానికి మచ్చుతునక. చిన్న భాగాల మీద కూడా నంబర్ల ముద్ర ఉండేది, ఒరలోనే ఒక పనిముట్టు ఇచ్చేవారు. అయితే ఆ లాకు బయటికి తెరిచి ఉండటం వల్ల ఇసుకకూ బురదకూ అందుబాటులో ఉండేది. బలం సరిగ్గా ఉన్న తూటాలే దానికి సరిపడేవి. ఖర్చు కూడా తోడవడంతో 1938లో వాల్తర్ పీ38 దాని స్థానంలోకి వచ్చింది. సోవియట్ రూపకర్త ఫ్యోదర్ తొకరెవ్ అయితే జబ్బు ఎక్కడుందో ముందే పసిగట్టాడు. తూటాను ఛాంబర్ వైపు నడిపించే అంచులు సాధారణంగా పలచని రేకు మ్యాగజైన్ మీద ఉంటాయి. అవి కొద్దిగా వంగినా తూటా దారి తప్పుతుంది. తొకరెవ్ ఆ అంచులను పిస్తోలులోంచి ఒకే ముక్కగా ఊడివచ్చే సుత్తి దిమ్మె మీదే చెక్కించాడు. మ్యాగజైన్ సొట్టపోయినా పిస్తోలు నడవాలన్నది అతని లెక్క.

భారత సైన్యంలోనూ పోలీసులోనూ తిరిగే 'పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఎ' ఈ బ్రౌనింగ్ వంశానిదే. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడాలో ఇంగ్లిస్ కంపెనీ చేసిన బ్రౌనింగ్ హై-పవర్ నమూనాను బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారు చేసింది. ఆయుధాల శుభ్రత మన దగ్గర బ్రిటిష్ సైన్యపు క్రమాన్నీ హిందుస్తానీ మాటల్నీ కలుపుకుని సాగింది. ఎన్‌సీసీలో చేరిన తెలుగు విద్యార్థి రైఫిల్ మీద మొదట నేర్చుకునేవి 'ఖోల్‌నా-జోడ్‌నా', బ్యారెల్‌లోంచి లాగే 'పుల్‌త్రూ' తాడు, దానికి కట్టే గుడ్డపీలిక 'చిందీ'.

మ్యాగజైన్ వంతు

వియత్నాంలో 1966, 67 సంవత్సరాల్లో ఎం16 రైఫిళ్ళు యుద్ధం మధ్యలో ఆగిపోవడం శుభ్రత చరిత్రలో పెద్ద మలుపు. అది పిస్తోలు కాదు, కానీ దాని పాఠం అన్ని ఆయుధాలకూ పాకింది. మందు రకం మార్చారు, ఛాంబర్‌కు క్రోమియం పూత లేదు, సరిపడా శుభ్రపరిచే సామగ్రి పంపలేదు. అమెరికా ప్రతినిధుల సభ విచారణ జరిపింది. 1968లో సైన్యం వ్యంగ్య చిత్రకారుడు విల్ ఐస్నర్ చేత బొమ్మల పుస్తకం గీయించి సిపాయిలకు పంచింది. శుభ్రపరచడం, నూనె వేయడం, తుప్పు ఆపడం మూడూ ఒకే సీసాలో చేసే 'సీఎల్‌పీ' ద్రవాలు ఆ తర్వాతి దశకంలోనివి.

ఇరాక్‌లో అమెరికా సైన్యం వాడిన బెరెట్టా ఎం9 పిస్తోళ్ళ మీద వచ్చిన ఫిర్యాదుల్లో మ్యాగజైన్ ముద్దాయిగా నిలబడింది. సైన్యానికి సరఫరా అయిన కొన్ని మ్యాగజైన్ల లోపలి వైపు గరుకైన ఫాస్ఫేట్ పూత ఉండేది. ఎడారి ఇసుక ఆ గరుకులో ఇరుక్కుని తూటాలను పైకి లేవనిచ్చేది కాదు. పిస్తోలును ఎన్నిసార్లు తుడిచినా లాభం ఉండేది కాదు. నున్నని పూత ఉన్న మ్యాగజైన్లు వచ్చాక ఇబ్బంది తగ్గింది. ఎం9 వారసుడిగా 2017లో ఎంపికైన సిగ్ ఎం17 కథ ఇంకో అడుగు ముందుకు వేసింది. చివరి తూటా పేలాక స్లైడ్ వెనక్కి నిలిచిపోవాలి. పరీక్షల్లో చాలాసార్లు అలా నిలవలేదు. సైనికులకు నేర్పిన పట్టులో బొటనవేలు స్లైడ్ మీట మీద ఆనడమే దానికి కారణమని 2018 జనవరి నివేదికలో తేలింది. పిస్తోలు శుభ్రంగానే ఉంది.

కొత్త పిస్తోలు

కర్మాగారం నుంచి వచ్చిన పిస్తోలుకు ఉండేది నిల్వ కోసం పట్టించిన నూనె. కాల్చడానికి ముందు బ్యారెల్, ఛాంబర్ పొడిగా తుడవాలి, స్లైడ్ జారే పట్టాల మీద ఒకటి రెండు చుక్కలు వేయాలి. ఎక్కువ వేసినవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడతారు: ఫైరింగ్ పిన్ గాడిలో చేరిన నూనె మసిని పట్టి ఉంచుతుంది, చలికి గట్టిపడి దెబ్బ బలాన్ని తగ్గిస్తుంది. 1982లో ఆస్ట్రియా సైన్యంలో చేరిన గ్లాక్ పిస్తోలుకు స్లైడ్ లోపల రాగి రంగు గ్రీజు కనిపిస్తుంది. దాన్ని మురికనుకుని తుడిచేసేవాళ్ళున్నారు. ఉంచమని కంపెనీ సూచన. కార్ (Kahr) కంపెనీ పిస్తోళ్ళతో వచ్చే పుస్తకంలో మొదటి 200 తూటాలు భాగాలు ఒకదానికొకటి అలవాటు పడేందుకే అని రాసి ఉంటుంది. గట్టి బిగింపులతో చేసిన 1911 రకాలకూ ఇలాంటి కాలం అవసరమవుతుంది.

విప్పేటప్పటి వరస విషయంలో బేరం లేదు. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లైడ్ లాగాలి, ఆపైన ఛాంబర్‌ను కంటితో చూసి వేలితో తడమాలి. స్లైడ్ లాగాక మ్యాగజైన్ తీస్తే, మధ్యలో ఎక్కిన తూటా లోపలే ఉండిపోతుంది. తుపాకీ శుభ్రం చేస్తుండగా తూటా పేలి కానిస్టేబుల్‌కు గాయాలు అన్న వార్త తెలుగు పత్రికల పాఠకులకు కొత్త కాదు. గ్లాక్ రకాన్ని విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. పొరపాటుకు అక్కడ చోటుంది. 2005లో వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ ఎం అండ్ పీ, ట్రిగ్గర్ ముట్టకుండా విప్పే చిన్న మీటను ఇచ్చింది.

మొరాయింపు రకాన్ని చూస్తే కారణం సగం తెలిసిపోతుంది. ఖాళీ కేసు స్లైడ్ సందులో పొగగొట్టంలా నిలువుగా ఇరుక్కుంటే, స్లైడ్ పూర్తి దూరం వెనక్కి పోలేదన్నమాట: తూటా బలహీనం కావచ్చు, మణికట్టు వదులు కావచ్చు. పిస్తోలు చట్రం చేతిలో గట్టిగా నిలబడితేనే స్లైడ్ దాని మీద జారగలదు. ఆ చెయ్యే వెనక్కి వంగితే బలం అక్కడే ఖర్చయిపోతుంది. తూటా ముక్కు ఛాంబర్ వాలు మీద ఆగితే మ్యాగజైన్ అంచులనూ తూటా ఆకారాన్నీ అనుమానించాలి. కేసు ఛాంబర్‌లోనే ఉండిపోయి వెనక మరో తూటా తోసుకొస్తే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం, ఛాంబర్ మురికి ముందుకొస్తాయి. ప్రైమర్ మీద లోతు లేని గుంట మాత్రమే పడితే స్ప్రింగ్‌నో, స్లైడ్ చివరిదాకా మూసుకోకపోవడాన్నో చూడాలి. అలా పేలని తూటా ఆలస్యంగా పేలే వీలుంది, కాబట్టి పిస్తోలును లక్ష్యం వైపే అరనిమిషం ఉంచుతారు. శబ్దం మామూలు కంటే నీరసంగా వస్తే వెంటనే ఆగిపోవాలి. గుండు బ్యారెల్‌లో ఇరుక్కుని ఉంటే, వెనక వచ్చే గుండు బ్యారెల్‌ను పగలగొడుతుంది.

అనుభవమున్న ఆర్మరర్లు, అంటే ఆయుధాలు బాగుచేసేవాళ్ళు, ఒకసారికి ఒక్కదాన్నే మారుస్తారు. మ్యాగజైన్లకు నంబర్లు వేస్తారు. ఇబ్బంది రెండో నంబర్‌తోనే వస్తుంటే వెదుకులాట అక్కడితో ముగుస్తుంది. లేదంటే వేరే కంపెనీ తూటా, ఆ తర్వాత వేరే మనిషి. అన్నీ ఒకేసారి మార్చి, కడిగి, కొత్త స్ప్రింగ్ వేసినవారికి పిస్తోలు బాగుపడొచ్చు కానీ జబ్బు ఏదో తెలియదు. యుద్ధ శిక్షణలో ఈ విచారణకు సమయం ఉండదు గనక బ్రిటిష్ సంప్రదాయంలో 'ఇమ్మీడియట్ యాక్షన్' అన్నారు: మ్యాగజైన్ అడుగు గట్టిగా తట్టడం, స్లైడ్ లాగి వదలడం. 1976లో షూటింగ్ శిక్షకుడు జెఫ్ కూపర్ అమెరికాలోని అరిజోనాలో నెలకొల్పిన గన్‌సైట్ శిక్షణాలయం నుంచి వచ్చిన తరం దీన్ని ప్రపంచమంతా పాకించింది.

క్రీడ, చట్టం

మురికి మీద పాత అనుమానం ఇంకా నిజమయ్యే చోటు ఒకటుంది. ఒలింపిక్స్‌లోని 25 మీటర్ల పోటీలో వాడేది పాయింట్ 22 పిస్తోలు. దాని గుండు రాగి తొడుగు లేని సీసం, పైన మైనం లేదా గ్రీజు పూత. స్ప్రింగులు తేలిక, తూటా బలం తక్కువ. అందువల్ల మైనం, మసి కలిసిన ముద్ద ఛాంబర్ దగ్గర పేరుకుంటే యంత్రం నిజంగానే ఆగుతుంది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచింది ఈ విభాగంలోనే. అక్కడ పిస్తోలు ఆగితే షూటర్ దాన్ని లక్ష్యం వైపే ఉంచి చెయ్యెత్తాలి, అధికారి పరిశీలిస్తారు. తప్పు ఆయుధానిదో తూటాదో అయితే సిరీస్‌కు మళ్ళీ అవకాశం దొరుకుతుంది. షూటర్ స్లైడ్‌ను ముట్టుకున్నా, తూటా ఎక్కించడం మరిచినా ఆ అవకాశం పోతుంది. ఎయిర్ పిస్టల్ వేరే యంత్రం, అయినా దాని మొరాయింపు ధర టోక్యో ఒలింపిక్స్‌లో అందరూ చూశారు: 2021 జూలై 25న భారత షూటర్ మను భాకర్ పిస్తోలు మీట విరిగి విలువైన నిమిషాలు పోయాయి, ఆమె 575 పాయింట్లతో 12వ స్థానంలో ఆగింది.

మొరాయింపు సంగతి అటుంచితే, శుభ్రపరచడంలోనే ఒక ప్రమాదం ఉంది: తుడిచే గుడ్డకు అంటుకునే నల్లదనంలో సీసం ఉంటుంది. ప్రైమర్లోని లెడ్ స్టిఫ్నేట్ దానికి ఒక మూలం. సీసం లేని ప్రైమర్లు వచ్చినా పాతవే ఎక్కువ వాడుకలో ఉన్నాయి. గాలి ఆడే చోట శుభ్రం చేయడం, పని మధ్యలో ఏమీ తినకపోవడం, తర్వాత చేతులు కడుక్కోవడం షూటింగ్ రేంజ్‌ల నియమాలు.

భారతదేశంలో 9 ఎంఎం సామాన్య పౌరులకు నిషిద్ధం. లైసెన్సుదారుల దగ్గర ఎక్కువగా కనిపించేది పాయింట్ 32. సొంత ఆయుధాన్ని తుడిచి నూనె వేసుకోవడానికి అడ్డు లేదు. మరమ్మతు చేయడం, మార్చడం, పరీక్షించడం వృత్తిగా చేపట్టేవారికి మాత్రం 1959 ఆయుధ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం విడిగా లైసెన్సు ఉండాలి. కాబట్టి తుడిచాక, మ్యాగజైనూ తూటా రకమూ మార్చి చూశాక కూడా మొరాయించే పిస్తోలు వెళ్ళవలసింది లైసెన్సున్న ఆయుధ దుకాణానికి లేదా తయారు చేసిన కర్మాగారానికి.