ఒక చెలక, పది పంటలు

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్లో డేటాబేస్ నేర్చుకున్న మొదటి వారంలోనే మాకు చెప్పిన పాఠం ఒకటుంది. ఒక కస్టమరుకి ఒకే ఆర్డరు ఉంటుందనుకుని టేబుల్ కట్టకండి, రెండోది వస్తే ఎక్కడ రాస్తారు? అని. పదేళ్ల తరవాత, ఉద్యోగంలో కుదురుకున్నాక, సరిగ్గా ఆ తప్పే చేశాను.

సెలవు రోజుల్లో ఎవరికైనా పనికొచ్చే పని చేద్దామని, పంజాగుట్టలో ఒక టిఫిన్ సెంటర్ దగ్గర కలుసుకునే నలుగురు మిత్రులం కలిసి పల్లెల్లోని ఆడవాళ్ల రైతు సంఘాల కోసం లెక్కలు రాసుకునే ఫోన్ యాప్ ఒకటి తయారుచేశాం. ఒక ఆదివారం అమీర్‌పేటలో బస్సెక్కి జహీరాబాద్ వైపు వెళ్లాం. అక్కడొక పెద్దావిడ వివరాలు నింపుతున్నాను. పేరు, ఊరు, ఎకరాలు. తరవాతి గడి 'పంట'. జాబితాలోంచి ఒకటి ఎంచుకోవాలి.

"ఏం పంట వేశారమ్మా?"

"జొన్నలేసిన. కందులు, అనుములు, పెసర్లు, నువ్వులు, కొర్రలు..." ఆవిడ వేళ్లు మడుస్తూనే ఉంది.

"ఒక్కటే చెప్పాలమ్మా, ఇందులో ఒక్కటే పడుతుంది."

"ఒక్కటే ఏస్తే ఏం తింటం బిడ్డా?"

ఆ మాట మనసులో పెట్టుకునే ఆ ప్రాంతపు చరిత్ర చదవడం మొదలుపెట్టాను. అది 1983 దగ్గర మొదలవుతుంది. ఆ ఏడాది ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. అదే ఏడాది దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసిన పి.వి. సతీష్, కొందరు మిత్రులతో కలిసి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని మొదలుపెట్టారు. పని జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా సాగింది. నగరంలో ఆఫీసు మా అమీర్‌పేట, పంజాగుట్టలకి ఆనుకునే ఉన్న బేగంపేటలో ఉండేది. చుట్టూ డెబ్బై అయిదు ఊళ్లదాకా ఆడవాళ్ల సంఘాలు ఏర్పడ్డాయి. సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. వాళ్ల చేతిలో ఉన్నది ఎకరమో రెండెకరాలో, వాన మీదే ఆధారపడ్డ పలచని నేల.

రెండు రూపాయల బియ్యాన్ని తేలిగ్గా మాట్లాడే హక్కు నాకు లేదు. ఆ బియ్యంతో పొయ్యి వెలిగిన ఇళ్లు లెక్కలేనన్ని. కానీ దానికి ఇంకో వైపు కూడా ఉంది. బియ్యం కాలవల కింద పండుతుంది, చెలకల్లో పండదు. చవక బియ్యం ఇంటికొచ్చాక జొన్నకి అడిగేవాడు తగ్గాడు. జొన్న తగ్గితే గింజ ఒక్కటే పోదు. పశువులకి చొప్ప, కోత కూలి, ఇంటి విత్తనం, అన్నీ దాని వెంటే పోతాయి. సేద్యం గిట్టక చాలా భూములు బీడు పడ్డాయి.

దీనికి సంఘాల స్త్రీలు ఇచ్చిన జవాబు నాకు ఈ చరిత్రంతటిలో గొప్ప ఘట్టంగా కనిపిస్తుంది. 1990ల నడుమ, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో, ముప్పైకి పైగా ఊళ్లలో 2,600 ఎకరాలకి మించిన బీడుని మళ్లీ సాగులోకి తెచ్చారు. దుక్కికి, ఎరువుకి రైతుకి అప్పు ఇస్తారు. ఆ అప్పు డబ్బుగా కాదు, కొన్నేళ్లపాటు జొన్నలుగా తీర్చాలి. ఆ జొన్నలు ఊళ్లోనే నిలవుంటాయి. వానాకాలంలో ఇళ్లల్లో గింజలు నిండుకున్న రోజుల్లో పేదలకి చవగ్గా అమ్ముతారు. పేదలెవరన్నది రేషన్ కార్డు చెప్పదు. ఊరివాళ్లే నేల మీద ఊరి పటం గీసి, ఇల్లిల్లూ ఎంచి, అందరి ఎదుటా తేల్చుకుంటారు. పండించేది, దాచేది, పంచేది అంతా ఊళ్లోనే. నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, సర్వర్‌ని ఢిల్లీ నుంచి తెచ్చి ఊళ్లో పెట్టారు.

ఇక ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టిన పంటల సంగతి. అదేం అలవాటుకొద్దీ చల్లిన కలగాపులగం కాదు. జొన్న నిటారుగా పెరుగుతుంది. కంది వేరు లోతుకి దిగి, జొన్న కోసేశాక కూడా నిలబడుతుంది. పప్పుజాతి మొక్కలు నేలకి నత్రజని చేరుస్తాయి. వాన ముందొచ్చినా వెనకొచ్చినా ఏదో ఒకటి చేతికొస్తుంది. సాళ్ల మధ్య వాటంతటవే మొలిచే దొగ్గలికూర, సన్నవాయిలి కూరల్ని మనం కలుపంటాం, వాళ్లు కూరొండుకుంటారు. విత్తనాన్ని మాత్రం బూడిద, వేపాకు కలిపి, పేడతో అలికిన బుట్టల్లో దాస్తారు. ఇచ్చిపుచ్చుకోవడమే గానీ అమ్మడం లేదు.

ఒక్క పంటే పట్టే గడి నేనొక్కణ్ణే కట్టలేదని తరవాత అర్థమైంది. బ్యాంకు పంట రుణాన్ని ఎకరాకి ఒక పంట పేరున లెక్కగడుతుంది. బీమా కూడా నోటిఫై చేసిన పంటకే. తెలియకుండానే నేనూ వాళ్ల వరసలో నిలబడ్డాను.

2001లో ఈ స్త్రీలే కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ పెట్టుకున్నారు. అక్షరాలు రాని వాళ్లు కూడా కెమెరా పట్టి వరంగల్ బీటీ పత్తి రైతుల నష్టాల మీద సినిమాలు తీశారు. మాచ్‌నూర్‌లో సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న ప్రసారం మొదలుపెట్టింది. కెమెరా నేర్చుకునేటప్పుడు వాళ్లు షాట్లకి తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కిందనుంచి తలెత్తి చూస్తే బానిస షాట్. కంటికి కన్ను సమంగా ఉంటే సంఘం షాట్. సినిమా విమర్శ అని ఇన్నేళ్లుగా నేను రాసిందాంట్లో ఇంత సూటి మాట ఒక్కటీ లేదు.

ఇది చదివాక ఆ ఆదివారం ఫోన్లో తీసిన ఫొటో వెతికాను. మేం నిలబడి ఉన్నాం, వాళ్లు నేల మీద కూచున్నారు. పటేల్ షాట్. దాన్నే ఆఫీసు గ్రూపులో పెట్టి మెచ్చుకోళ్లు పోగేసుకున్నాను.

తలెత్తి చూడ్డం కూడా తప్పేనని ఒప్పుకోవాలి. ఈ స్త్రీల గురించి రాసేటప్పుడు దేవతల్ని చేసే రాతలు కొల్లలు. ఈ సంస్థ మీద వచ్చిన వ్యాసాల్లో నేను చదివినవి చాలావరకు సతీష్ మాటలతోనే నడుస్తాయి, స్త్రీలు గుంపు ఫొటోలో ఉంటారు. నేనూ ఇక్కడ ఆయన పేరొక్కటే రాశాను. 2019లో సంస్థకి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, ఆ మార్చిలోనే సతీష్ చనిపోయారు. ఇప్పుడు అమీర్‌పేట షాపుల్లో కొర్రలు, సామలు అందమైన ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. ఒకప్పుడు 'పేదల తిండి' అని తోసేసింది ఇవాళ షుగర్ ఉన్న మధ్యతరగతికి మందైంది. పండించిన ఇంట్లో తినడానికి మిగులుతోందా అన్నది ప్యాకెట్ మీద రాయరు.

యాప్‌లో పంటల్ని వేరే టేబుల్‌కి మార్చాం. అరగంట పని. జాబితా తీసేశాం, ఆవిడ ఏ పేరు చెబితే అదే పడుతుంది. రెండోసారి వెళ్లినప్పుడు ఆవిడ పక్కనే కింద కూచుని పది పేర్లూ రాసుకున్నాను. అంతా అయ్యాక, "ఇది రాస్తే మాకేమొస్తది బిడ్డా?" అని అడిగింది. ఈ ప్రశ్న మమ్మల్ని మేం పంజాగుట్టలోనే, మొదటి రోజే అడిగి ఉండాల్సింది.