ప్రతి యుండగా గ్రంథము చెడునా?



నేటి ప్రసంగము కంప్యూటరునకు సంబంధించినదని వినగానే, జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతములందలి నా యీడు పెద్దలు "ఈ పంతులుగారికి వృద్ధాప్యమున ఈ గొడవ యేల?" అని నవ్వుకొందురు. నవ్వుకొనుడు. పదిమందికి పంచిపెట్టిన యొక వ్రాతపనిని ధనవంతుడు కొనినప్పుడు పుట్టిన తగవును గూర్చి చెప్పదలచితిని. అట్టి తగవు మనకు క్రొత్త కాదు.

పట్వారీలుండిన దినములు మీకు జ్ఞాపకమే కదా. ఏ సర్వే నెంబరున ఎన్ని గుంటలు, ఎవరి పట్టా, శిస్తెంత అని యడిగినచో, పట్వారి బస్తా విప్పి పహాణీలో చూపెడివాడు. లక్షల పద్దులలోనుండి అడిగిన దానిని క్షణములో తీసియిచ్చునట్లు యంత్రమున నమర్చిన దఫ్తరునే డేటాబేసు అందురు. రైలు టిక్కెట్టు, బ్యాంకు ఖాతా, రేషను కార్డు, అన్నియు నేదో యొక డేటాబేసులో నున్నవే. దఫ్తరులోని వ్రాత పట్వారికి దప్ప అన్యులకు తెలియనప్పుడు ఊరెవరి గుప్పిట నుండెనో మీకు చెప్పనక్కరలేదు.

ఈ కష్టము నేనును ఎరుగుదును. నా యుద్యోగపు చివరి యేండ్లలో మా పాఠశాల ప్రవేశ పుస్తకమును, మార్కుల పట్టికలను ఒక కంపెనీవారి సాఫ్టువేరులో నెక్కించితిమి. మూడేండ్లకు ఆ కంపెనీ మూతపడెను. పిమ్మట యంత్రము చెడగా, ఆ లెక్కలను విప్పగల వారెవ్వరును దొరకరైరి. లోపలి వ్రాత వారి రహస్యము. ఒక బాలిక పై చదువునకై టి.సి. కోరివచ్చి మూడు దినములు బడి చుట్టు తిరిగినది. తుదకు నేనును గుమాస్తాయును పాత హాజరుపట్టీలు వెదకి, వేసవి సెలవులన్నియు కూర్చుండి, మూడేండ్ల లెక్కలను మరల చేతితో వ్రాసితిమి.

ఇట్టి రహస్యము లేని డేటాబేసు లోకమున లేకపోలేదు. 1995లో స్వీడను దేశమున విడేనియస్, ఆక్స్‌మార్క్, లార్సన్ అను మువ్వురు మైఎస్‌క్యూఎల్ అను కంపెనీని స్థాపించిరి. విడేనియస్ కుమార్తె పేరు మై; ఆ పేరే డేటాబేసునకు పెట్టబడినది. 2000లో దీనిని జి.పి.ఎల్. అను లైసెన్సు క్రింద విడుదల చేసిరి. ఆ లైసెన్సు తాత్పర్యమిది: మూలమును ఎవరైనను చదువవచ్చును, ప్రతి తీసికొనవచ్చును, దిద్దవచ్చును, ఇతరుల కీయవచ్చును; కాని దిద్దిన ప్రతి నిచ్చునప్పుడు ఆ స్వాతంత్ర్యమునే వారికిని ఈయవలెను. ఓపెన్ సోర్సు పద్ధతులలో ఇది యొకటి. తమ సరకులో దీనిని చేర్చియు, తమ వ్రాతను మాత్రము దాచుకొనదలచిన వర్తకులు వేరుగా సొమ్ము చెల్లించి మరియొక లైసెన్సు పొందెడివారు. సత్రమున బాటసారికి ఉచిత భోజనము, సంతకు పోవు వర్తకునికి అద్దె గది వంటి ఏర్పాటు.

సత్రము పెరిగినది. 2008 జనవరి 16న సన్ అను అమెరికా కంపెనీ దీనిని సుమారు 100 కోట్ల డాలర్లకు కొనుచున్నట్లు ప్రకటించెను. ఉచితముగా పంచిన వ్రాతకు అంత వెల పలికినదని కొందరు సంతోషించిరి. కొందరు అనుమానించిరి. వారి యనుమానము వ్యర్థము కాలేదు. కొలది నెలలలోనే, లెక్కలను భద్రపరచు కొన్ని క్రొత్త పరికరములను సొమ్మిచ్చువారికే యిత్తుమను మాట బయలుదేరెను. గగ్గోలు పుట్టగా ఆ మాటను వెనుకకు తీసికొనిరి. విడేనియస్ 2009 ఫిబ్రవరిలో సన్ కంపెనీని విడిచి వెడలిపోయెను.

అటుపిమ్మట రెండు మాసములకే అసలు పిడుగు పడినది. 2009 ఏప్రిల్ 20న ఒరాకిల్ కంపెనీ సుమారు 740 కోట్ల డాలర్లకు సన్ కంపెనీనే కొనుచున్నట్లు ప్రకటించెను. సొమ్మునకు డేటాబేసు లమ్ము వర్తకులలో ఒరాకిల్ అగ్రగణ్యము. ఉచితముగా దొరకు డేటాబేసు ఆ వర్తకుని చేతికే చిక్కినది! అమెరికా ప్రభుత్వము సమ్మతించెను గాని, ఐరోపా కమిషను 2009 సెప్టెంబరులో లోతైన విచారణ ప్రారంభించెను.

ఈ విచారణమున ఒకే గురుకులమువారు ఎదురెదురుగా నిలుచుట నాకు మిక్కిలి యాశ్చర్యము గొలిపినది. జి.పి.ఎల్. సృష్టించిన రిచర్డ్ స్టాల్మన్, మరి రెండు సంస్థలతో గలసి, ఈ కొనుగోలును అడ్డుకొనుడని కమిషనునకు లేఖ వ్రాసెను. ప్రతి తీసికొను హక్కు అందరికిని ఉన్నను, వర్తకులకు వేరు లైసెన్సు అమ్మి సొమ్ము చేసికొను హక్కు యజమానికే కలదు. ఆ రాబడి లేనిదే క్రొత్త ప్రతిని పోషించువారెవరని వారి వాదము. ఆ లైసెన్సు యొక్క మూడవ పాఠమును తీర్చుటలో తోడ్పడిన న్యాయవాది ఎబెన్ మోగ్లెన్ అట్లు గాదనెను. ఇట్టి యాపద వచ్చునని యెరిగియే లైసెన్సును అట్లు వ్రాసితిమి. యజమాని మారినను గ్రంథము బంధింపబడదు అని యాతని సిద్ధాంతము. విడేనియస్ డేటాబేసును కాపాడుడని లోకమున సంతకములు సేకరించెను. ఆవును అమ్మినవాడే పాలకై ఏడ్చుచున్నాడని యాతనిని దెప్పినవారును కలరు. ఆ దెప్పులో కొంత నిజము లేకపోలేదు.

ఒరాకిల్ డిసెంబరులో పది వాగ్దానములు ఐదేండ్ల గడువుతో ప్రకటించెను. 2010 జనవరి 21న కమిషను అనుమతించెను.

ఇచ్చట మన బమ్మెర జ్ఞప్తికి రాక మానదు. జనగామ జిల్లాలోని యా బమ్మెర వాడు పోతన తన భాగవతమును రాజునకు అంకితమీయ నిరాకరించెననియు, ఆ రాజు గ్రంథమును పాతిపెట్టించెననియు జనశ్రుతి. కథ యెట్లున్నను, గ్రంథమున కొన్ని భాగములు లోపించినమాట వాస్తవము. పంచమ స్కంధమును గంగన, షష్ఠమును సింగన, చివరి రెండింటిని నారయ పూరించిరి. మిగిలినది తాళపత్రములలో ప్రతికి ప్రతి వ్రాసికొనిన వారివలన నిలిచెను. మోగ్లెన్ చెప్పినది ఈ ప్రతుల బలము. స్టాల్మన్ అడిగినది ఆ గంగన, సింగన, నారయలు ఎచ్చటనుండి వత్తురని. నా మట్టుకు స్టాల్మన్ ప్రశ్నయే బరువైనదిగా తోచుచున్నది. ప్రతి యుండిన చాలదు, దానిని పూరించువాడు కావలెను.

వాడు వచ్చెను. విడేనియస్ తానే 2009లో మూలమునకు ప్రతి తీసి, దానికి తన రెండవ కుమార్తె పేరిట మారియాడీబీ అని నామకరణము చేసెను. పూర్వపు సహచరులు పలువురు ఆయన వెంట నడచిరి. 2012లో దాని రక్షణకై ఒక ఫౌండేషను స్థాపింపబడినది. 2013లో వికీపీడియా వారు మైఎస్‌క్యూఎల్‌ను విడిచి మారియాడీబీకి మారిరి. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాయును వారి యంత్రములలోనిదే. బమ్మెరను గూర్చియు, పాలకుర్తిని గూర్చియు, మన బయ్యారము చెరువును గూర్చియు మీ మనుమలు అందు వెదకి చదువునప్పుడు, ఆ పద్దులను తీసియిచ్చు దఫ్తరు ఆ ప్రతియే.

ఒరాకిల్ చేతిలోని మైఎస్‌క్యూఎల్ చచ్చిపోలేదని కూడ చెప్పవలెను. నేటికిని అది జి.పి.ఎల్. క్రిందనే దొరకుచున్నది. ఇక మారియాడీబీ కంపెనీ మాట. దానిని 2024లో కె1 అను అమెరికా పెట్టుబడి సంస్థ కొనినది!

ఆ వార్త చదివి హైదరాబాదులో కొలువు చేయు నా మనుమనికి ఫోను చేసి, ఇప్పుడేమగునురా అని యడిగితిని. "ఏం కాదు తాతా, మా ఆఫీసుల మూలం ప్రతి ఒకటి తీసి పెట్టుకున్నం. దాన్ని దిద్దేటందుకు ఇద్దర్ని పెట్టిన్రు. అండ్ల నేనొకణ్ని" అనెను.