పాంబన్ సందు, మీటలు తిప్పిన చేతులు

పటంలో చూస్తే తమిళనాడుకూ శ్రీలంకకూ నడుమ ఓడలన్నీ సాగిపోయేంత నీరుంది. కానీ రామసేతు పొడవునా ఇసుక తిన్నెలే, లోతు లేదు. అందుకే పెద్ద ఓడలు నేటికీ లంకను చుట్టి వస్తాయి. చిన్న ఓడలకూ చేపల పడవలకూ మిగిలిన దారి రామేశ్వరం దీవి పక్కనున్న పాంబన్ సందు.

ఆ సందు మీద 1914లో రైలు వంతెన తెరిచారు. పొడవు రెండు కిలోమీటర్ల పైమాటే. నా మనసంతా దాని నడుమ, ఓడల కోసం తెరుచుకునే షెర్జర్ స్పాన్ మీదే. ఓడ వస్తే రైల్వే కార్మికులు మీటలు పట్టుకుని గుండ్రంగా తిరిగేవారు. రెండు ఇనుప రెక్కలు మెల్లగా పైకి లేచేవి. మోటారు లేదు, అంతా కండబలమే. ఆ ఉప్పుగాలిలో తరాల తరబడి చెమటోడ్చిన వాళ్ల పేర్లు ఎవరికి తెలుసు?

1964 డిసెంబరు 22 రాత్రి తుపానులో ధనుష్కోటి పాసింజరు రైలును సముద్రం మింగేసింది. వందమందికి పైగా పోయారు. వంతెన స్పాన్లు చాలా కొట్టుకుపోయాయి, షెర్జర్ మాత్రం నిలిచింది. నెలలు పడుతుందన్న మరమ్మతును రైల్వే ఇంజనీరు శ్రీధరన్ 46 రోజుల్లో ముగించారు. ఆయన మా కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవారు. ఈ మాట మా పిల్లలకు గర్వంగా చెబుతుంటాను.

2025 ఏప్రిల్ 6న పక్కనే కొత్త వంతెన ప్రారంభమైంది. దాని నడిమి భాగం విద్యుత్తుతో నిటారుగా లేస్తుంది. ఇక పని లేని పాత మీటలనూ పళ్లచక్రాలనూ తుక్కు కింద అమ్మకుండా, తిప్పిన కార్మికుల పేర్లతో సహా రామేశ్వరంలోనే భద్రపరచాలని రైల్వేవారిని వేడుకుంటున్నాను.