మూడంకెల పరపతి

తెలుగున పరపతి యను మాటకు రెండర్థములు గలవు. నలుగురిలో ఒక మనుష్యునకు గల పలుకుబడి యొకటి. ఆ పలుకుబడిని చూచి ఎదుటివాడు నమ్మి యిచ్చు ఋణము రెండవది. సహకార పరపతి సంఘమని ఊరి నడుమ బోర్డు కట్టినవారు రెండవ యర్థమును గైకొనిరి. ఫలానివానికి తాలూకా కచేరీలో పరపతి యున్నదని అరుగులమీద చెప్పుకొనువారు మొదటిదానిని. పూర్వము ఈ రెండును వేరు కావు. పేరున్నవానికే అప్పు పుట్టెడిది. పుట్టిన అప్పును అన్నమాట ప్రకారము తీర్చినవానికే పేరు నిలిచెడిది. మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ యను పల్లెల నేలమీద గత పాతికేండ్లలో లేచిన అద్దాల మేడల నడుమ ఈ మాట రెండుగా చీలి, అందొక సగము మూడంకెల సంఖ్యగా మారిన వైనము చెప్పదగినది.

అట్లని హైదరాబాదునకు అప్పుల చరిత్ర కొత్తది కాదు. కార్వానులోను, బేగంబజారులోను, పిమ్మట బ్రిటిషు రెసిడెన్సీ నీడన వెలసిన బజారులోను కాపురముండిన సాహుకార్లు హుండీలమీద దూరదేశములకు ధనము పంపుచు, సర్కారు ఖజానా ఖాళీయైనప్పుడు సైన్యమునకు జీతములు సర్దుచు, అందుకు హామీగా జిల్లాల శిస్తును వ్రాయించుకొనుచుండిరి. వారి నడుమ మిక్కిలి విచిత్రమైన కథ విలియం పామరుది. తండ్రి ఇంగ్లీషు సేనాని, తల్లి హిందూస్థానపు ముస్లిము స్త్రీ. పందొమ్మిదవ శతాబ్ది రెండవ దశకమున అతడు రెసిడెన్సీ చెంత కొఠీ తెరచి, గుజరాతీ సాహుకారు బంకటీదాసును భాగస్థునిగా చేర్చుకొని, దేశీయ ప్రభువులకు ఐరోపావారు అప్పులీయరాదను నిషేధమునుండి 1816లో గవర్నరు జనరలు చేత మినహాయింపు పొంది, పేష్కారు చందూలాలు చేతిమీదుగా నిజాము ప్రభుత్వమునకు లక్షలకు లక్షలు పోసెను. వడ్డీ సాలునకు నూటికి ఇరువదినాలుగు, ఇరువదియైదు రూపాయలు. 1820 నాటి యొక్క ఋణమే 60 లక్షలు. ఆ పిమ్మట రెసిడెంటుగా వచ్చిన చార్లెసు మెట్కాఫు ఈ లెక్కలను తవ్వి పైకి తీసినంతనే కలకత్తా మొదలు లండను దాక గగ్గోలు పుట్టెను. తుదకు 1823లో, ఉత్తర సర్కారులకుగాను ఈస్టిండియా కంపెనీ నిజామునకు ఏటేట చెల్లింపవలసిన పేష్కషును శాశ్వతముగా వదలుకొనుటకు ప్రతిఫలముగా వచ్చిన 1,16,66,666 రూపాయలతో ఆ బాకీ తీరెను. మరుసటి యేడు పామరు కొఠీ దివాలా యెత్తెను. అనగా, శ్రీకాకుళమునుండి గుంటూరు దాక పరచుకొన్న తెలుగు సీమపై నిజామునకు మిగిలియున్న కడపటి హక్కు ఒక అప్పుల ఖాతాలో చెల్లు వ్రాయబడెనన్నమాట. పామరును రక్తపిపాసియని చరిత్రకారులు తిట్టిరి గాని, నేడు పెక్కు క్రెడిట్ కార్డులమీద సకాలమున తీర్చని బాకీకి పడు వడ్డీ సాలునకు నూటికి నలుబది దాటుచున్నది. మన కాలమున నుండిన అతనిది ధర్మవడ్డీ యనిపించుకొనెడిది.

పల్లెలలో ఇంత ఆర్భాటము లేదు. తెలంగాణమున కిరాణాకొట్టు సేటు ఉద్దెర ఇచ్చి పద్దు వ్రాసికొనెడివాడు. వానలు పడునాటికి గాదెలో గింజలేని రైతునకు దొరయో సాహుకారో ధాన్యమును నాగునకు కొలిచి, పంట యింటికి రాకమునుపే కల్లము కడనే మీదు కలిపి తిరిగి కొలిపించుకొనెడివాడు. అదియును తీర్చలేని నిరుపేద భగేలాగా దొర యింట ఒళ్ళు వంచవలసివచ్చెడిది. తండ్రి కన్ను మూసినను బాకీ కన్ను మూయదు, కొడుకు మెడకు చుట్టుకొనెడిది. నిజాము ప్రభుత్వము 1349 ఫసలీలో, అనగా 1939-40 ప్రాంతమున, వడ్డీవ్యాపారుల చట్టము చేసెను గాని, కచేరీలోని కాగితము చేయి కల్లము దాక సాగుట అరుదు. ముఖమెరిగి యిచ్చిన అప్పు మంచిదనియు, యంత్రమెంచి యిచ్చునది చెడ్డదనియు నిట్టూర్చువారు ఈ భగేలాలను మరువరాదు. ముఖమెరుగుట యనగా కులమెరుగుట, పొలమెరుగుట, తాతనాటి బాకీ యెరుగుట కూడను.

బ్యాంకులు వచ్చిన పిదప కూడ సామాన్యునకు పరపతి దొరకుట సులభము కాలేదు. మచిలీపట్టణమున 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు గాని, 1941లో నిజాము రాజ్యమున వెలసిన హైదరాబాదు స్టేటు బ్యాంకు గాని, ఆస్తి చూపినవానికి, జామీను నిలిపినవానికి, బంగారము తాకట్టు పెట్టినవానికి ఋణమిచ్చెడివి. నెలజీతముపై బ్రతుకు గుమాస్తా ఈ మూడును లేనివాడు గనుక, ఇంట పెండ్లి వచ్చినను జబ్బు వచ్చినను చేబదులునో చిట్టీపాటనో ఆశ్రయించెడివాడు. న్యూయార్కు భోజనశాలల బిల్లుల నిమిత్తము 1950లో పుట్టిన డైనర్స్ క్లబ్ కార్డు పద్ధతి ముప్పదియేండ్లు గడచిన పిదప మన బ్యాంకుల చేతికి వచ్చెను. ఆ పనికి మన దేశమున మొదట పూనుకొన్న బ్యాంకులలో ఆంధ్రా బ్యాంకు ఒకటి. 1980లో జాతీయము చేయబడిన మరుసటి యేడే అది కార్డులు పంచుట ఆరంభించెను. అయినను ఆనాటి కార్డు వైద్యులకు, పెద్ద యుద్యోగులకు, వర్తకప్రముఖులకు జేబులోని అలంకారమే. పరపతి ముందే యున్నవానికి ఇంకొక ఋజువు చేతికిచ్చినట్లు.

ఈ వరుస తలక్రిందులైనది మాదాపురమున. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించెను. భారతీయ స్టేటు బ్యాంకు తన కార్డు వ్యాపారమును వేరు సంస్థగా మొదలుపెట్టినది కూడ ఆ 1998లోనే. ఈ రెండు సంఘటనలకు సంబంధము లేదు, కాని రెండును కలిసి ఒక కొత్త జాతి మనుష్యుని సృష్టించెను. ఇరువదిరెండేండ్ల వయసు, ఖమ్మమో, కడపయో, శ్రీకాకుళమో సొంతవూరు, అమీర్‌పేటలో కోర్సు, మాదాపురపు హాస్టలులో ఒక మంచము, తండ్రి పదవీవిరమణనాటి జీతమును మించిన తొలిజీతము. ఈ నగరమున వానిని ఎరిగినవాడు లేడు. ఇల్లు లేదు, పొలము పత్రములు ఊళ్ళో తండ్రి పెట్టెలో నున్నవి, జామీను నిలుచు బంధువు లేడు. పాత లెక్క ప్రకారము వానికి పైసా అప్పు పుట్టరాదు. కాని సాయంకాలము కార్యాలయము గేటు దాటగానే మెడలో టై కట్టుకొని, చేత దరఖాస్తుల కట్ట పట్టుకొని నిలుచున్న ఏజెంటు వానిని సార్ అని పిలిచి, మూడు నెలల పేస్లిప్పులును, కంపెనీ గుర్తింపుకార్డు నకలును ఇచ్చిన చాలుననెను. బ్యాంకులు కంపెనీలకు శ్రేణులు కట్టియుంచెను. మొదటి శ్రేణి కంపెనీ పేరు చెప్పిన కుర్రవానికి కార్డు, శ్రేణిలో లేని చిన్న కంపెనీ వానికి మొండిచేయి. కులపుపేరు పోయి కంపెనీ పేరు వచ్చెను. మెడలోని పట్టీయే జామీనయ్యెను.

ఆ పట్టీ తీసివేసిన నాడు మిగులునదేమి? ఈ ప్రశ్నకు సమాధానముగా పుట్టినదే రుణచరిత్ర. సిబిల్ అని మనవారు పిలుచు సంస్థ 2000లో ఏర్పడి, 2004 నాటికి వ్యక్తుల ఋణవివరములను బ్యాంకులకు అందించుట మొదలిడెను. 2005లో పార్లమెంటు ఇట్టి సంస్థల కొక చట్టము చేసెను. అదే కోవకు చెందిన సంస్థలు నేడు నాలుగున్నవి. వ్యక్తికి 300 మొదలు 900 వరకు ఒక అంకె వేయుట వీని పద్ధతి. కాని ఎన్నడును అప్పు చేయనివానికి వేయు గుర్తు చూడుడు: సున్న కాదు, మైనస్ ఒకటి. అప్పులేనితనమే ఐశ్వర్యమని తరతరములుగా పిల్లలకు నూరిపోసిన తెలుగువాని కొడుకు, ఏ పాపము నెరుగనివాడు, ఈ కొత్త చిత్రగుప్తుని చిట్టాలో సున్నకంటె దిగువ! గృహఋణమునకై బ్యాంకునకు వెళ్ళినప్పుడుగాని ఈ సంగతి పెక్కుమందికి తెలియదు. అందుచేతనే కార్యాలయపు క్యాంటీనులలో పెద్ద యుద్యోగి చిన్నవానికి చెప్పు తొలి లౌకికోపదేశము ఇట్లుండును: జీతమువేయు బ్యాంకులోనే వార్షిక రుసుము లేని కార్డొకటి తీసికో; బ్యాంకు కాదన్నచో కొంత ధనము ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దానిపై తీసికో; ఎట్లును కొనవలసిన పాలప్యాకెట్టును, పెట్రోలును దానితో కొను; పరిమితిలో మూడవవంతు దాటకు; బిల్లు వచ్చినపుడు మొత్తమును గడువులోగా కట్టు; ఒకేసారి నాలుగు బ్యాంకులకు దరఖాస్తు పెట్టకు, ప్రతి విచారణయు చిట్టాకెక్కును; ఏటియంలో కార్డుతో రొక్కము మాత్రము తీయకు, దానికి తీసిన క్షణమునుండియే వడ్డీ.

ఈ ఉపదేశమును వినియు వినని తరమొకటి గలదు. బిల్లుమీద ముద్రించు కనీసపు చెల్లింపు అను సంఖ్య ఆ తరమును ముంచెను. బాకీలో నూటికి అయిదు రూపాయల చొప్పున కట్టి నిశ్చింతగా నిదురించినవాడు, తక్కిన తొంబదియైదుపై వడ్డీ నడచుటయే గాక, కొత్తగా కొన్నదానికి గడువు కూడ పోవునని ఆరు నెలల పిదప తెలిసికొనెను. 2008లో అమెరికా మాంద్యము తాకి ఉద్యోగములు ఊడినప్పుడు, గేటుకడ సార్ అన్న గొంతు ఫోనులో వేరొక భాష నేర్చెను. 2009 జనవరి 7న, ఇదే మాదాపురమున కొలువుదీరిన సత్యం కంప్యూటర్స్ అధిపతి బ్యాంకులలో లేని 5,040 కోట్ల రూపాయలను ఉన్నట్లు లెక్కల్లో చూపితినని తన లేఖలో ఒప్పుకొనెను. మూడు నెలల పేస్లిప్పు నకలులేనిదే కుర్రవానికి ఇరువదివేల పరిమితి యీయని వ్యవస్థ, అన్ని కోట్ల లేమిని ఏండ్ల తరబడి కనిపెట్టలేకపోవుట నాకు నేటికిని వింతగనే తోచును.

వడ్డీకి హద్దు పెట్టు ప్రయత్నము జరుగకపోలేదు. జాతీయ వినియోగదారుల కమిషను 2008లో కార్డు బాకీలపై సాలునకు నూటికి ముప్పది మించరాదనెను. ఆ తీర్పును సర్వోన్నత న్యాయస్థానము 2024 డిసెంబరులో కొట్టివేసెను. రిజర్వు బ్యాంకు మాత్రము మెల్లగా కంచె వేయుచు వచ్చినది. ఏడాదికొకసారి తన రుణచరిత్రను ఉచితముగా చూచుకొను హక్కు 2017నుండి ప్రతివానికి గలదు. 2022 నాటి నిబంధనల ప్రకారము అడుగనివానికి కార్డు అంటగట్టరాదు, బాకీ తీర్చినవాడు మూయుమనిన ఏడు పనిదినములలో మూయవలెను, ఆలసించినచో దినమునకు 500 రూపాయలు వానికి చెల్లింపవలెను. సాహుకారు పద్దులో తన పేరున ఏమి వ్రాసియున్నదో చూపుమని అడుగ నోరులేని రైతుతో పోల్చినచో ఇది చిన్న మార్పు కాదు. అయితే పద్దు వ్రాయు సాహుకారు, ఎంతటి కఠినుడైనను, ఆ యేడు వానలు లేవని యెరుగును, ఇంట శవము లేచినదని యెరుగును. ఒక్కొక్కప్పుడు, తన లాభముకొరకే యైనను, సంక్రాంతి దాక ఆగును. అంకెకు కారణము చెప్పుకొను వీలు లేదు. ఆసుపత్రిలో తల్లి మంచము చెంత గడచిన నెలకును, గోవాలో గడచిన నెలకును దాని కన్నులలో భేదము లేదు.

ఇంత శ్రమపడి గడించిన ఈ పరపతి ఎంతదూరము నడచును? నానక్‌రామ్‌గూడలో నాలుగైదేండ్లు కష్టపడి, ఒక్క గడువు తప్పక, 800 దాటిన అంకె చేతబట్టుకొని, వీసా వచ్చి, శంషాబాదున విమానమెక్కి డాలసులో దిగినవాని సంగతి చూడుడు. అచ్చట వేరు సంస్థలు, వేరు చిట్టాలు. సాధారణముగా ఈ అంకె ఆ సముద్రమును దాటదు. జీతము లక్ష డాలర్లున్నను కార్డు అడిగిన మొదటి బ్యాంకు చరిత్ర లేదనును. అప్పుడతడు, ఊళ్ళో తాత బంగారు మురుగు తాకట్టు పెట్టినట్లు, రెండు మూడు వందల డాలర్ల తన సొంత ధనమును బ్యాంకు చేతిలో పెట్టి, అంతే పరిమితికి ఒక కార్డు పుచ్చుకొని, పాలు కొనుటకు బయలుదేరును.