ఉప్పల్ రోడ్డులో పగడాల శాస్త్రం

మల్లాపూర్ నుంచి నాచారం మీదుగా హబ్సిగూడకు వస్తే దారి పొడవునా ఫ్యాక్టరీ షెడ్లు, అపార్ట్‌మెంట్లు, ఫంక్షన్ హాళ్లు. ఉప్పల్ రోడ్డుకు మళ్లగానే ఎన్‌జీఆర్ఐ. 1961లో పుట్టిన ఈ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పేరు వినగానే మనకు భూకంపాలే గుర్తొస్తాయి. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఈ ఆవరణలోనే లక్షద్వీప్ పగడాలను పరిశీలించి, ఒకప్పుడు అక్కడి నీళ్లు ఎంత వెచ్చగా ఉండేవో లెక్కకట్టారంటే నమ్మడం కష్టం. కానీ అది నిజం. పగడాల శాస్త్రవేత్త అనగానే నీళ్లలో దూకే మనిషి ఒక్కడే మనసులో మెదలడం మన ఊహకున్న పరిమితి.

ఈ వృత్తి మొదట అలా నీళ్లలో దిగిన వాళ్లది కాదు, ఓడల్లో తిరిగిన వాళ్లది. డార్విన్ 1836లో హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవులు చూసి, 1842లో పగడపు దిబ్బల మీద పుస్తకం అచ్చువేశాడు. అగ్నిపర్వత ద్వీపం మెల్లగా కుంగుతుంటే దాని అంచున పగడాలు పైపైకి పెరుగుతూ పోతాయన్నాడు. దానికి గట్టి రుజువు 1952లో దొరికింది. పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవిలో డ్రిల్లింగ్ చేస్తే, కిలోమీటరుకు పైగా సున్నపురాయి దాటాక అగ్నిపర్వత శిల తగిలింది. అమెరికావాళ్లు అక్కడికి వెళ్లింది మాత్రం డార్విన్ కోసం కాదు, అణుబాంబులు పేల్చడానికి.

ఆ బాంబులే తర్వాతి మలుపుకీ కారణమయ్యాయి. 1972లో నట్సన్, బుడెమెయర్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు అక్కడి పగడాలను పలకలుగా కోసి ఎక్స్‌రే తీశారు. చెట్టు మానులోని వలయాల్లాగా చిక్కటి పట్టీ, పలచటి పట్టీ ఒకదాని తర్వాత ఒకటి కనిపించాయి. బాంబు పరీక్షల నాటి రేడియోధార్మికత ఏయే పట్టీల్లో చిక్కుకుందో చూసి, ఏడాదికి ఒక జత చొప్పున పడుతుందని తేల్చారు. దానితో జీవశాస్త్రవేత్తల పగడం భూరసాయనవేత్తల చేతికీ వచ్చింది.

మన దేశం ఈ రంగంలో వెనకబడి ఏమీ లేదు. పగడపు దిబ్బల మీద మొదటి అంతర్జాతీయ సదస్సు 1969లో తమిళనాడులోని మండపం క్యాంపులో జరిగింది. అహ్మదాబాద్ భౌతిక పరిశోధనాలయంలో సుప్రియో చక్రవర్తి, ఆర్. రమేశ్ లక్షద్వీప్ పగడాల్లో రుతుపవనాల జాడ పట్టి 1993లో ప్రచురించారు. ఎన్‌జీఆర్ఐలో సయ్యద్ మసూద్ అహ్మద్ ముందు సముద్రగర్భపు మట్టిలోని ఫోరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గవ్వలతో వేల ఏళ్ల నాటి హిందూ మహాసముద్రాన్ని చదివారు. 2011లో ఆయన బృందం లక్షద్వీప్‌కు చెందిన పోరైటిస్ పగడంలోని కార్బన్, ఆక్సిజన్ ఐసోటోపుల వివరాలు వెలువరించింది.

పోరైటిస్ ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పలక వెంబడి సన్నటి డ్రిల్లుతో మిల్లీమీటరు, అంతకన్నా తక్కువ దూరంలో పొడి తీస్తారు. ఆ పొడిని ఫాస్ఫారిక్ ఆమ్లంతో కలిపితే వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను మాస్ స్పెక్ట్రోమీటరులోకి పంపుతారు. నీళ్లు వేడెక్కిన కొద్దీ పగడపు అస్థిపంజరంలో బరువైన ఆక్సిజన్-18 వాటా తగ్గుతుంది, డిగ్రీకి వెయ్యిలో 0.2 వంతు చొప్పున. పేచీ ఏమిటంటే, వాన పడి ఉప్పదనం తగ్గినా ఆ వాటా తగ్గుతుంది. రుతుపవనాల దేశంలో ఇది చిన్న చిక్కు కాదు. అందుకే స్ట్రాన్షియం, కాల్షియంల నిష్పత్తిని ఆశ్రయిస్తారు. అదీ వేడిని బట్టే మారుతుంది, వాన ప్రభావం మాత్రం దాని మీద పెద్దగా ఉండదు. నేత్రమణి సాగర్, మసూద్ అహ్మద్, జర్మనీ శాస్త్రవేత్తలతో కలిసి 2016లో ప్రచురించిన పత్రం ఆ పద్ధతిదే. దిబ్బ దగ్గర ఉష్ణోగ్రత ఆగకుండా పెరుగుతోందన్న మాట ఆ పత్రం శీర్షికలోనే ఉంది.

ఈలోగా వృత్తి ఇంకో మెలిక తిరిగింది. 1982-83 ఎల్‌నినోలో తూర్పు పసిఫిక్ పగడాలు తెల్లబారి చావడాన్ని జీవశాస్త్రవేత్త పీటర్ గ్లిన్ నమోదు చేశాడు. వేడి మితిమీరితే పగడం తనలో కాపురముండే శైవలాలను వెళ్లగొడుతుంది. రంగూ, తిండీ వాటివల్లే కాబట్టి తెల్లబడుతుంది, వేడి వారాల తరబడి తగ్గకపోతే చస్తుంది. ఆ దెబ్బ 1998లో మనకూ తగిలింది. పగడాల పరిశోధకుడు రోహన్ ఆర్థర్ లెక్కల ప్రకారం లక్షద్వీప్‌లో 82 శాతం, మన్నార్ సింధుశాఖలో 89 శాతం పగడాలు తెల్లబారాయి. అప్పటిదాకా పాత ఉష్ణోగ్రతలు తవ్వుకున్న శాస్త్రం ఇక జరగబోయేది చెప్పాల్సి వచ్చింది.

ఆ పని చేసేదీ హైదరాబాదే, కాకపోతే అటు చివర. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం) 2011 నుంచి ఉపగ్రహ ఉష్ణోగ్రతలతో అండమాన్, నికోబార్, లక్షద్వీప్, మన్నార్, కచ్ఛ్ దిబ్బలకు హెచ్చరికలు ఇస్తోంది. అత్యంత వేడి నెల సగటును నీళ్లు ఒక డిగ్రీ మించి అలాగే ఉంటే ప్రమాదమన్నది ఇలాంటి హెచ్చరికలకు మూలసూత్రం. హెచ్చరిక వచ్చిందని నీళ్లను చల్లబరిచే ఉపాయమేదీ లేదు. యాంకర్లు వేయవద్దనీ, పడవలు ఎక్కడ తిరగాలనీ చెప్పడం వరకే.

2024 ఏప్రిల్‌లో నాలుగో ప్రపంచవ్యాప్త తెల్లబారుడును అమెరికా సంస్థ నోవా ప్రకటించింది, లక్షద్వీప్ అందులోనూ ఉంది. ఉప్పల్ రోడ్డు ప్రయోగశాలకు దీని అర్థం వేరే. పెద్ద పోరైటిస్ దిబ్బలు గట్టివే అయినా అజేయాలు కావు. చచ్చిన పగడంలో ఆ ఏడాది నుంచి పట్టీలుండవు. మన లక్షద్వీప్ రికార్డులు చాలావరకు కొన్ని దశాబ్దాలవే. వందల ఏళ్ల కథ చెప్పే పొడవాటి కోర్, అంటే డ్రిల్లుతో తీసే కడ్డీ, కావాలంటే పెద్ద దిబ్బ బతికి ఉండగానే తియ్యాలి. దిబ్బ పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. కనుక ఈ పని ఎంచుకున్న విద్యార్థి డ్రిల్లు మోసుకుపోయే ముందు అనుమతుల ఫైలు మొయ్యాలి.