మల్లెమాల, తైలవర్ణం, నకలు

1868లో తిరువనంతపురం రాజాస్థానానికి థియోడర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు వచ్చాడు. మహారాజు ఆయిల్యం తిరునాళ్ రూపచిత్రాన్ని తైలవర్ణాలలో చిత్రించడం అతని పని. ఆస్థానంలో చిత్రకళ అభ్యసిస్తున్న ఇరవయ్యేళ్ల రవివర్మకు అతడు పాఠం చెప్పలేదు. తాను పని చేస్తుండగా చూడడానికి మాత్రం అంగీకరించాడు. ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయుడు సైతం ఈ విద్యలోని మర్మాలను పంచుకోవడానికి ఇష్టపడలేదని జీవితచరిత్రకారులు రాశారు. చేయి పట్టి దిద్దించిన గురువు లేడు. కంటితో గ్రహించినదే చదువు.

1873లో, మల్లెమాలతో కురులను అలంకరించుకుంటున్న నాయర్ వనిత చిత్రానికి మద్రాసు ప్రదర్శనలో గవర్నరు బంగారు పతకం లభించింది. అదే ఏడాది వియన్నాలోనూ ఆ చిత్రం బహుమతి పొందింది.

ఇటువంటి చిత్రాన్ని నకలు వేయడానికి కూర్చున్న అభ్యాసకుడికి మేనిఛాయ, కురులు, పువ్వులు మూడు వేర్వేరు పరీక్షలు. ముందుగా గళ్లు గీసి బొగ్గుతో రేఖలు దించుకుంటాడు. ఆపై పలుచని గోధుమవర్ణంతో వెలుగునీడలను నిర్ణయించుకుంటాడు. అవిసె నూనె నీటిలా ఆవిరై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి రోజుల తరబడి గట్టిపడుతుంది. చెంప మీది వెలుగును నీడలోకి మెల్లగా కలిపే వ్యవధి అందువల్లనే దొరుకుతుంది. అడుగు పూత పలుచగా, పై పూతలు నూనె ఎక్కువగా ఉండాలి. క్రమం తప్పితే కొంతకాలానికి రంగు బీటలు వారుతుంది. ఇక మల్లెలు! తెల్లరంగు నేరుగా పెడితే సున్నపు చుక్కల్లా కనిపిస్తాయి. రేకుల నీడలో బూడిదఛాయ, పసుపు, ఆకుపచ్చ ఉన్నాయని కన్ను గుర్తించాకే అవి పువ్వులవుతాయి.

1894లో రవివర్మ బొంబాయిలో ముద్రణాలయం నెలకొల్పాక ఆయన దేవతామూర్తులు తెలుగు లోగిళ్లతో సహా దేశమంతటా గోడలకెక్కాయి. మూలచిత్రం చూసే అవకాశం లేనివారికి ఆ ముద్రణలే నకలు పాఠాలయ్యాయి. అయితే ఒక్కో రంగుకు ఒక్కో రాయి చొప్పున అచ్చైన కాగితంలో కథ, భంగిమ, ముఖభావం మిగులుతాయి గాని పూతల లోతు మిగలదు. వాటిని చూసి వేసినవారి చిత్రాలలో రేఖ పొందికగా ఉండి రంగు చప్పగా ఉండడానికి ప్రతిభాలోపం కంటే ఇదే ప్రధాన కారణమనుకోవాలి.

1896లో కలకత్తా కళాశాల బాధ్యత చేపట్టిన ఇ.బి. హావెల్ ఐరోపా నమూనాల అనుకరణను తీవ్రంగా వ్యతిరేకించాడు. కళాశాల చిత్రశాలలోని ఐరోపా చిత్రాలను తొలగించి మొగలు చిత్రాలకు స్థానం కల్పించగా విద్యార్థులే నిరసన తెలిపారు. ప్లాస్టరు బొమ్మలను యాంత్రికంగా దించే పద్ధతిపై హావెల్ ఆక్షేపణ న్యాయమైనదే. కాని ఆయన ప్రోత్సాహంతో రూపొందిన బెంగాల్ కళాకారుల సంగతేమిటి? నందలాల్ బోసు, అసిత్ కుమార్ హల్దార్ తదితరులు లేడీ హెరింగ్‌హామ్ వెంట అజంతాకు వెళ్లి గోడచిత్రాలకు నకళ్లు వేశారు. అనుకరణను నిరసించిన ఉద్యమానికి కూడా నకలే బడి అయింది. తేడా అల్లా, వారు నిలబడింది మూలం ఎదుట.

1979లో భారత ప్రభుత్వం రవివర్మ చిత్రాలను జాతీయ కళాసంపదగా ప్రకటించింది. వాటిని దేశం దాటించడానికి వీలు లేదు. తిరువనంతపురంలో ఆయన కాన్వాసులు ఉన్నాయి. వాటి ముందు ఎదురుగా కాక, కొంచెం పక్కగా నిలిచి చూడాలి. వెలుగు ఏటవాలుగా పడినప్పుడు రంగు ఎక్కడ దళసరిగా ఉందో, కుంచె ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది.